మా పాపకే తాటకి వేషం ఎందుకిచ్చారు?

ప్రశ్న:

మేడమ్ గారికి నమస్కారం. మాది నరసన్నపేట దగ్గర ఒక పల్లె. మావారికి విశాఖలో పని, వారానికోసారి వచ్చి వెళ్తారు. ఇంట్లో నేను, అత్తగారు, ఇద్దరు పిల్లలం. పాపకు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి చదువుతోంది.

దసరా సెలవులకు మా మరిది పిల్లలు కూడా వచ్చారు. అందరూ కలిసి రెండు ఇంగ్లీషు పిల్లల సినిమాలు చూశారు. ఒకటి 2023లో వచ్చిన జలకన్య కథ. అందులో జలకన్యగా వేసినది నల్లమ్మాయి. మా అత్తగారు చూసి, "ఇదేటే, సేపపిల్ల ఇంత నల్లగున్నాది?" అని నవ్వారు. పిల్లలంతా నవ్వారు. మా పాప నవ్వలేదు. తనూ నలుపే, నా పోలిక. రెండోది ఆర్థర్ రాజు కత్తి కథ, ఇప్పటి బడిపిల్లల మీద తీసినది. పాత కథలో మగవాడైన ఒక యోధుణ్ణి అందులో ఆడపిల్లగా మార్చారు. మా మరిది లెక్చరర్, పురాణాలు బాగా చదివిన మనిషి. "కథలో ఉన్నది ఒకరైతే వీళ్లు పెట్టేది ఇంకొకర్ని. ఇదో ఫ్యాషనైపోయింది. రేపు మన రాముడి వేషానికి తెల్లదొరని పెడితే ఊరుకుంటామా?" అన్నారు.

సెలవులయ్యాక స్కూల్లో యానివర్సరీకి సీతా స్వయంవరం నాటకం అనుకున్నారు. విశ్వామిత్రుడి యాగం దగ్గర్నుంచి విల్లు విరిచేదాకా కథ. మా పాప సీత వేషానికి పేరిచ్చింది. డైలాగులన్నీ నోటికి వచ్చేశాయి. టీచరు చదివించి చూడకుండానే తాటకి వేషం ఇచ్చారు. సీతకి, రాముడికి తెల్లగా ఉండే ఇద్దరు పిల్లల్ని తీసుకున్నారు. "నీకైతే మేకప్ ఖర్చు కూడా ఉండదు" అన్నారట నవ్వుతూ. అప్పట్నుంచి పాప మొహానికి పౌడరు దట్టంగా రాసుకుని స్కూల్‌కి వెళ్తోంది. వేషం వెయ్యనంటోంది.

మా మరిదిగారి మాట నిజమేనా? సినిమాల్లో అలా మార్చడం తప్పా? పాపకి నేనేం చెప్పాలి? స్కూల్‌కి వెళ్లి అడిగితే పిల్ల మీద కోపం పెట్టుకుంటారేమోనని టెన్షన్‌గా ఉంది.

– ఒక తల్లి, శ్రీకాకుళం జిల్లా

సమాధానం:

అమ్మా, స్కూల్‌కి వెళ్లండి. ఏం అడగాలో, ఎలా అడగాలో కింద రాస్తాను. ముందు మీ మరిదిగారి ప్రశ్న తీసుకుంటాను. ఆయన ప్రశ్నకు సరైన జవాబు తెలిస్తే టీచరుగారి ముందు కూర్చున్నప్పుడు మీకు మాట తడబడదు.

మీ మరిదిగారు అన్నదాంట్లో కొంత నిజముంది, దాన్ని కాదనక్కర్లేదు. జలకన్య కథను డెన్మార్క్ రచయిత ఆండర్సన్ 1837లో ప్రచురించాడు. అందులో ఆ పిల్ల చర్మం గులాబీ రేకులా ఉంటుందని, కళ్లు లోతైన సముద్రంలా నీలంగా ఉంటాయని రాశాడు. 2023 సినిమాలో ఆ పాత్ర వేసిన హాలీ బెయిలీ ఆ వర్ణనకు సరిపోదు. ఇక్కడిదాకా ఆయన మాట ఒప్పే. అయితే ఆ కథ దేని మీద నడుస్తుందో ఒక్కసారి ఆయన్నే చెప్పమనండి. సముద్రంలో అందరికంటే తియ్యని గొంతు ఆ పిల్లది. భూమ్మీదికి రావడం కోసం ఆ గొంతునే ఇచ్చేసుకుంటుంది. గొంతు పోయిన పిల్ల తన మనసులో ఉన్నది ఎలా చెప్పుకుంటుందన్నదే కథంతా. నీలికళ్లు తీసేసినా ఆ కథ నిలబడుతుంది, గొంతు తీసేస్తే నిలబడదు. హాలీ బెయిలీ చిన్నప్పట్నుంచి పాడుతున్న గాయని. కథకు ప్రాణమైన చోట సరైన మనిషినే పెట్టారన్నది నా అభిప్రాయం.

ఏ పురాణాన్నయినా, జానపద కథనయినా తెరమీదికి తెచ్చేటప్పుడు నేను చూసేది ఇదే. ఏది మారితే కథ చచ్చిపోతుంది, ఏది మారినా కథ బతుకుతుంది? మన జనానికి ఇది తెలియక కాదు. 2023లోనే రామాయణం మీద వచ్చిన ఒక భారీ సినిమా విషయంలో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. వేషధారణ మీద విమర్శలు వచ్చాయి నిజమే. కానీ పెద్ద గొడవ అయినది హనుమంతుడి నోట పలికించిన మాటల మీద. సినిమా విడుదలయ్యాక ఆ మాటల్ని మార్చాల్సి వచ్చింది. హనుమంతుడంటే వాక్కు తెలిసినవాడని మన పల్లెల్లో చదువురాని ముసలమ్మకు కూడా తెలుసు. అందుకే ఆ మాటలు ఎవరికీ మింగుడుపడలేదు.

ఇక ఇంగ్లండు పాత కథల్లోని రాజు ఆర్థర్ కథ సంగతి. మీ పిల్లలు చూసినది 2019లో వచ్చిన సినిమా అనుకుంటున్నాను. బడిలో దెబ్బలు తినే ఒక మామూలు కుర్రాడికి రాతిలో దిగిన కత్తి దొరుకుతుంది. వాణ్ణి ఏడిపించిన లాన్స్, కే అనే ఇద్దరినే వాడు తన యోధులుగా చేసుకుంటాడు. పాత కథలో సర్ కే మగవాడు, ఇక్కడ ఆడపిల్ల. కానీ పాత కథలోని అసలు సంగతి, అంటే శత్రువుని కూడా తన గుండ్రటి బల్ల దగ్గర కూర్చోబెట్టుకున్నవాడే రాజన్నది, చెక్కుచెదరలేదు. పైగా ఆర్థర్ కొలువులో అందరూ తెల్లవాళ్లేనన్నది కూడా పూర్తి నిజం కాదు. పదమూడో శతాబ్దంలో డచ్చి భాషలో రాసిన ఒక కావ్యానికి నాయకుడు మోరియన్ అనే నల్లని యోధుడు. అతని తండ్రి ఆర్థర్ యోధుల్లో ఒకడు. ఆ తండ్రిని వెతుక్కుంటూ ఇతను బయల్దేరతాడు. పాలమిడీస్ అనే ఇంకో యోధుడు అరబ్బు దేశాల వైపు నుంచి వచ్చినవాడు, అతనూ ఆ గుండ్రటి బల్ల దగ్గర కూర్చున్నాడు. నలుపు తెలుపుల కలయికను ఈనాటి సినిమావాళ్లు కొత్తగా తెచ్చిపెట్టారని మనం అనుకుంటాం. ఎనిమిది వందల ఏళ్ల కిందటి కవులే ఆ పని చేసిపెట్టారు. మధ్యలో వచ్చినవాళ్లు వాళ్లని పక్కన పెట్టేశారు.

"రాముడి వేషానికి తెల్లదొరని పెడితే ఊరుకుంటామా" అన్న ప్రశ్నకు వద్దాం. ఇది మంచి ప్రశ్న, దాటేయకూడదు. అలాంటిది ఒకసారి జరిగింది కూడా. పీటర్ బ్రూక్ అనే ఇంగ్లీషు దర్శకుడు 1985లో మహాభారతాన్ని నాటకంగా ఆడించాడు, 1989లో తెరకెక్కించాడు. అందులో భీముడు సెనెగల్ దేశపు నటుడు, భీష్ముడు బుర్కినా ఫాసో నటుడు, ధర్మరాజు పోలండ్ నటుడు. ద్రౌపది మాత్రం మన మల్లికా సారాభాయ్. దాన్ని మెచ్చుకున్నవాళ్లున్నారు, మన కథను మన మట్టిలోంచి పెకలించుకు పోయారని గట్టిగా తప్పుపట్టినవాళ్లూ ఉన్నారు. రెండో మాటను నేను తేలిగ్గా కొట్టిపారేయను. అయితే అతను ప్రపంచంలోని అన్ని రంగుల మనుషుల్నీ ఒక కథలో కూర్చోబెట్టాలని చూశాడు. ఒక జాతిని తోసేసి ఆ చోట ఇంకో జాతిని కూర్చోబెట్టలేదు.

అలా తోసేసినవీ ఉన్నాయి. 2016లో ఈజిప్టు దేవతల కథ అని హాలీవుడ్‌లో ఒక సినిమా వచ్చింది. ఈజిప్టు దేవుళ్లలో ఎక్కువమందికి తెల్లవాళ్లనే తీసుకున్నారు. విడుదలకు ముందే విమర్శలు వచ్చి, దర్శకుడు, నిర్మాణ సంస్థ 2015 నవంబర్‌లోనే క్షమాపణ చెప్పుకున్నారు. అదే 2016లో పసిఫిక్ ద్వీపాల పురాణగాథల మీద పిల్లల కోసం ఒక బొమ్మల సినిమా వచ్చింది. అందులో నాయిక గొంతుకు హవాయి మూలవాసుల పిల్లనే, ఔలీ క్రవాల్హోని తీసుకున్నారు. కథ ఎవరిదో వాళ్ల పెద్దల్ని కూర్చోబెట్టి అడిగి తీశారు.

ఆ ఈజిప్టు సినిమాకీ, జలకన్యకీ తేడా ఏమిటంటారా? ఎప్పుడూ తెరమీద ఉన్నవాళ్లే ఇంకొకరి కథను కూడా లాగేసుకుంటే అది అన్యాయం. ఎప్పుడూ తెరమీద చోటు దొరకని పిల్లకి ఒక కథలో చోటిస్తే దాన్నీ అదే గాటన కట్టకూడదు. తెల్ల జలకన్యలు పిల్లల పుస్తకాల్లో, బొమ్మల్లో, సినిమాల్లో లెక్కలేనంతమంది ఉన్నారు, ఎక్కడికీ పోలేదు. 2022 సెప్టెంబర్‌లో ఆ సినిమా టీజరు వచ్చినప్పుడు అమెరికాలో ఎందరో తల్లిదండ్రులు తమ నల్లపిల్లలు దాన్ని చూస్తుండగా వీడియోలు తీశారు. జలకన్య మొహం కనబడగానే ఆ పిల్లలు నోరు తెరిచి తల్లి వైపు తిరుగుతారు, ఆమె నాలాగే ఉందని చెప్పడానికి. మీ పాప ఆ నవ్వుల మధ్య కూర్చుని ఆ సినిమానే చూసింది. ఆ పిల్లలకు దొరికింది మీ పాపకు దొరకలేదమ్మా. నాకు బాధ కలిగించింది అదే.

ఇలా మార్చిన ప్రతి సినిమా మంచిదని నేననను. కొన్ని సినిమాల్లో నల్లమనిషినో, ఆడపిల్లనో ఫొటోలో కనబడటానికి నిలబెట్టి, రెండు మాటలు కూడా ఇవ్వరు. చోటిచ్చామని చెప్పుకోవడానికి తప్ప అది దేనికీ పనికిరాదు. పాత్రకి పని లేకపోతే రంగు మారినా ఒకటే, మారకపోయినా ఒకటే.

మన దగ్గరికి వద్దాం. మీ మరిదిగారు పురాణాలు చదివినవారు కనక ఆయనతో మాట్లాడటం తేలిక. రాముడు నల్లనివాడు. వాల్మీకి చెప్పినది శ్యామవర్ణమే. కృష్ణుడు నల్లనివాడు. పోతన గోపికల చేత కృష్ణుణ్ణి వెతికించినప్పుడు మల్లెపొదలకి చెప్పించిన మొదటి గుర్తే అది. ఆ పద్యం మన పల్లెల్లో పిల్లలకి నోటికి వస్తుంది. ద్రౌపది నల్లనిది, వ్యాసుడు ఆమె అందాన్ని చెప్పేటప్పుడు ఆ నలుపును దాచలేదు, దానికి సంజాయిషీ చెప్పలేదు. మరి క్యాలెండర్లలో, సినిమాల్లో, సీరియళ్లలో ఏం జరిగింది? రాముడికి, కృష్ణుడికి నీలం పూశారు. ద్రౌపదిని తెల్లగా చేసేశారు. శబరి, ఏకలవ్యుడు లాంటి అడవి మనుషులకి మాత్రం తెల్లని నటుల్ని తెచ్చి గోధుమరంగు పులిమారు. సీతంపేట కొండల్లో సవరల పిల్లలున్నారు, వాళ్లలోంచి ఒక శబరిని వెతుకుదామని ఎవరికీ తోచలేదు. పురాణాన్ని ఉన్నదున్నట్టు చూపించాలంటే మార్చాల్సినవి ఇన్ని ఉన్నాయి. ఇంగ్లీషు జలకన్య దగ్గర వచ్చిన కోపం వీటి దగ్గర కూడా రావాలి కదా.

సీత సంగతి కూడా ఆయన అడుగుతారు. వాల్మీకి సీతను బంగారు వన్నెదిగా చెప్పాడు, ఔను. ఆ లెక్కన వేషాలు పంచితే బడిలో రాముడి వేషం నల్లపిల్లాడికి వెళ్లాలి. తెల్లపిల్లాడికి వెళ్లింది. అంటే టీచరుగారు గ్రంథం చూసి వేషాలు పంచలేదు. దేవుళ్లు తెల్లగా, రాక్షసులు నల్లగా అని మనందరి బుర్రల్లో ఉన్న ఒక అలవాటును చూసి పంచారు. ఇక తాటకి కథ తీసుకోండి. ఆమె పుట్టుకతో రాక్షసి కాదు, యక్షకన్య. భర్త పోయాక అగస్త్యుడి మీదికి వెళ్లి, శాపం వల్ల వికృతరూపం పొందింది. వాల్మీకి ప్రకారం కూడా ఆమె ఒకప్పుడు అందగత్తె.

మన ప్రాంతంలో వేషానికి, మనిషికి మధ్య సంబంధాన్ని జనం ఎంత విశాలంగా చూశారో చెబుతాను. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం మీరు చూసే ఉంటారు, లేకపోతే టీవీలో అయినా చూసి ఉంటారు. పొడవాటి చింతమాను చివర ఆసనంలో పూజారి కూర్చుంటారు. మూడు లాంతర్ల దగ్గరి గుడికీ కోటకీ మధ్య ఆ మాను మూడుసార్లు తిరుగుతుంది. దారి పొడుగునా మేడల మీద, గోడల మీద జనం. కింద నుంచి అరటిపళ్లు విసురుతారు, చేతులెత్తి దండాలు పెడతారు. ఆ పైన కూర్చున్నది మగమనిషి. దండం పెట్టేవాళ్లలో ఒక్కరికీ ఆ సందేహం రాదు. ఆ కాసేపు అక్కడున్నది అమ్మవారు.

అజ్జాడలో పుట్టి విజయనగరంలో స్థిరపడిన ఆదిభట్ల నారాయణదాసు గారు కాలికి గజ్జె కట్టి ఒక్కరే నిలబడి హరికథ చెబితే, రుక్మిణీ ఆయనే, కృష్ణుడూ ఆయనే, అగ్నిద్యోతనుడూ ఆయనే. ఉత్తరాంధ్ర పల్లెల్లో రాత్రంతా సాగే తూర్పు భాగవతంలో సత్యభామ జడ వేసుకుని వచ్చేది మగవాడే. మీ అత్తగారు చిన్నతనంలో చాపేసుకు కూర్చుని అలాంటి భామాకలాపం చూసే ఉంటారు. ఆవిణ్ణి అడగండి. సత్యభామగా వేసినాయన ఎలా ఉండేవాడో, రంగేమిటో, ఆయన నడిచొస్తుంటే జనం ఏమనేవారో మనవరాలికి చెప్పమనండి. ఆవిడ చేపపిల్లని చూసి నవ్వినది దుర్మార్గంతో కాదు, తెల్లని నాయికల్ని చూసీచూసీ అలవాటైపోయి. ఆవిడ మీద విరుచుకుపడితే పాప ఇంకా నలిగిపోతుంది. ఆవిడ చేత కథ చెప్పిస్తే ఆవిడ నవ్విన నవ్వును ఆవిడే సరిదిద్దుకున్నట్టవుతుంది.

సినిమాల్లోనూ ఈ ఉదాహరణలకు కొదవ లేదు. 1967లో ప్రహ్లాదుడిగా వేసినది చిన్నారి రోజారమణి, ఆడపిల్ల. ఎస్వీ రంగారావు హిరణ్యకశిపుడై గర్జిస్తుంటే ఆ పిల్ల చేతులు జోడించి నిలబడిన తీరు చూసి ఇళ్లలో ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఆడపిల్ల ప్రహ్లాదుడేమిటని ఎవరూ అడగలేదు. 2023లో శకుంతల కథలో భరతుడిగా వేసినదీ ఆడపిల్లే, అల్లు అర్హ. 1997లో గుణశేఖర్ అందరూ పిల్లలతోనే రామాయణం తీశాడు. మూతి మీద నూగుమీసం కూడా రాని జూనియర్ ఎన్టీఆర్ అందులో రాముడు. ఆ సినిమాకి ఉత్తమ బాలల చిత్రంగా జాతీయ పురస్కారం వచ్చింది.

1957 నాటి మాయాబజార్ అయితే మీ పాపతో కలిసి మళ్లీ చూడండి. ఎందుకంటే అందులో ఘటోత్కచుడు శశిరేఖ రూపం ఎత్తాక సావిత్రి చేసిన నటన ఉంది. మనిషి పెళ్లికూతురే, పట్టుచీర, పూలజడ. కానీ భుజాలు విరిచే తీరు, మీసం లేని చోట చెయ్యి మీసం కోసం పోవడం, తాళి కట్టబోయే లక్ష్మణకుమారుడి కాలిని అణగదొక్కి ఏమీ ఎరగనట్టు చూడటం, ఇవన్నీ రాక్షసుడివి. పక్క చెలికత్తె తేరిపార చూస్తే మళ్లీ సిగ్గు. ఒక ఆడమనిషి, అందులోనూ అందగత్తె అనిపించుకున్న నటి, ఒక మగ రాక్షసుణ్ణి తన ఒంట్లో పెట్టుకుని నడిచింది. ఆ సన్నివేశంలో ఆమె రంగు ఎవరికైనా గుర్తుందా? ఆ సినిమాలో పిల్లలు చప్పట్లు కొట్టేది కూడా ఎక్కువగా ఘటోత్కచుడికే.

ఇది చెప్పాక ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. పాపతో "తాటకి కూడా గొప్ప వేషమేనమ్మా, వేసెయ్" అని మాత్రం అనకండి. తాటకి మంచి వేషమే. అరవడానికి, పరుగెత్తడానికి, విరగబడి నవ్వడానికి పిల్లలకి అంతకంటే మంచి వేషం దొరకదు. కానీ అది నటన చూసి ఇచ్చిన వేషం కాదు, చర్మం చూసి ఇచ్చినది. ఆ సంగతి పాపకి అర్థమైంది. తనకి అర్థమైనదాన్ని అమ్మ కాదంటే, ఇకముందు ఇలాంటివి ఏం జరిగినా మీ దగ్గరికి తీసుకురాదు. ముందు ఒప్పుకోండి. "టీచరు అలా అనడం తప్పు. నీ తప్పేం లేదు. నేను మాట్లాడతాను." ఈ మూడు మాటలు చాలు, పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు.

"నువ్వు నలుపు కాదే, చామనఛాయ" అనకండి. నలుపైనా కళగల మొహం అని కూడా అనకండి. ఇవి ప్రేమతో అనే మాటలే. కానీ పిల్లకి వినబడేది ఏమిటంటే, నలుపు అన్నది సర్దిచెప్పాల్సిన విషయం అని. నల్లగా ఉన్నావు, నాలాగే ఉన్నావు, అని మామూలుగా అనండి. అద్దం ముందు మీరు మీ గురించి ఏమనుకుంటారో కూడా పాప వింటుంది. మీ పోలిక అని ఉత్తరంలో మీరు రాసిన తీరులో కొంచెం బాధ వినబడింది నాకు. ఆ బాధ పాప దగ్గర వినబడనివ్వకండి. పౌడరు డబ్బా లాక్కోకండి. తిడితే దాచుకుని రాస్తుంది. ఇంట్లో ఈ రంగుల మాటలు ఆగితే ఆ పౌడరు మెల్లగా తగ్గుతుంది. తగ్గకపోతే, తిండి, నిద్ర, చదువు దెబ్బతింటున్నట్టు కనిపిస్తే, పిల్లల మానసిక నిపుణులకు చూపించడానికి వెనకాడకండి.

ఇక స్కూల్. ఫోన్లో వద్దు, స్కూల్ గ్రూపులో మెసేజ్ అసలే వద్దు. సాయంత్రం బడి వదిలాక, పిల్లలు లేని సమయం చూసుకుని, ఆ టీచరుగారినే ముందు కలవండి. నేరుగా హెడ్‌మాస్టర్ దగ్గరికి వెళ్తే ఆవిడకి తన మీద ఫిర్యాదు వచ్చినట్టనిపించి గట్టిపడిపోతారు. ఆవిడతో పని కాకపోతే అప్పుడు పైకి వెళ్లొచ్చు. మీ మరిదిగారు కూడా వస్తానంటే తీసుకెళ్లండి, పురాణం చదివిన మనిషి పక్కనుంటే మంచిదే. కానీ మాట్లాడేది మీరే కావాలి.

సీత వేషం మా పాపకే ఇవ్వండని అడగకండి. అది ఇప్పటికే ఇంకో పిల్లకి చెప్పేశారు, ఆ పిల్లా తొమ్మిదేళ్లదే, ఇంటికెళ్లి అందరికీ చెప్పుకుని ఉంటుంది. ఆ పిల్ల దగ్గర్నుంచి లాక్కుంటే మీ పాపకు దక్కేది వేషం కాదు, పగ. మీరు అడగాల్సింది చదివించి చూడమని. ఇలా అనండి: "టీచరుగారూ, మా పాప సీత మాటలన్నీ నేర్చుకుంది. మీరు ఒక్కసారి చదివించి చూస్తే బాగుండేదనిపించింది. మేకప్ అక్కర్లేదన్న మాట దానికి బాగా తగిలింది, అప్పట్నుంచి స్కూల్‌కి పౌడరు రాసుకుని వస్తోంది." అంతే. తర్వాత ఆగండి. చాలామంది టీచర్లు ఆ పౌడరు మాట వినగానే తగ్గుతారు, ఎందుకంటే వాళ్లు నవ్వులాటకి అన్నదే, పిల్ల మనసులో ఏం చేసిందో వాళ్లకి తెలియదు.

ఆవిడ ఏం చెయ్యాలని అడిగితే చెప్పడానికి మీ దగ్గర మార్గాలుండాలి. యాగం నుంచి స్వయంవరం దాకా అంటే కథ పెద్దది. సీత ఉద్యానవనంలో ఒకసారి, స్వయంవరంలో ఒకసారి కనబడుతుంది. ఇద్దరు పిల్లలు పంచుకోవచ్చు, పిల్లల నాటకాల్లో ఇది మామూలే. లేదా కథ నడిపే వ్యాఖ్యాత వేషం కావచ్చు. మాటలన్నీ నోటికి వచ్చిన పిల్లకి అది చాలా మంచి పని, నాటకమంతా దాని చేతిలోనే ఉంటుంది. విశ్వామిత్రుడి వేషం ఆడపిల్లకివ్వకూడదని ఎక్కడా లేదు. తాటకి వేషం ఎవరికి కావాలో క్లాసులో అడిగి చూడమనండి. ఆ వేషం మీద మనసున్న పిల్లలు, అందులో మగపిల్లలు కూడా, తప్పకుండా చెయ్యి ఎత్తుతారు. వేషాల ఎంపిక ఎలా చెయ్యాలని అడిగితే, హాలు చివర బెంచీ దగ్గర టీచరుగారు నిలబడి, స్టేజి మీద నుంచి పిల్ల చెప్పే మాట ఎవరిది వినబడుతుందో, ఎవరు ఎదుటి పిల్లని చూసి మాట్లాడుతున్నారో చూడమనండి. తొమ్మిదేళ్ల వయసులో నటనంటే ఇంతకంటే పెద్దగా ఉండదు.

పాపకి ఏ వేషం వచ్చినా, రాకపోయినా ఇంకొకటి మాత్రం అడగండి. రాక్షసులకి మొహం నిండా నల్లరంగు పూయొద్దని. అద్దె డ్రెస్సులతో పాటు మేకప్ మనిషి వస్తాడు, అతనికి చెబితే చాలు. కోరలు, కొమ్ములు, ఎర్రటి కళ్లు, జుత్తు విరబోసుకోవడం, ఇవి చాలు రాక్షసిని చూపించడానికి. నలుపు పూస్తే ముందు వరసలో కూర్చున్న నల్లపిల్లలందరికీ ఒక మాట చెప్పినట్టే, మీ పాపకొక్కదానికే కాదు. తెల్లగా ఉన్న పిల్లలకి కూడా చెప్పినట్టే. రాముడికి నీలం పూయకుండా ఉంచినా నాకు సంతోషమే, కానీ అది మీరు ఇప్పుడే పట్టుబట్టాల్సిన విషయం కాదు.

కక్ష కడతారేమోనని మీరు భయపడ్డారు. భయం సహజం. ఒక్కరే వెళ్లడం కంటే, ఇంకో ఇద్దరు తల్లులకి చెప్పి వెళ్తే ఆ భయం సగం తగ్గుతుంది. మీలాగే అనిపించినవాళ్లు ఆ క్లాసులో ఉండే ఉంటారు, ఎవరూ ముందు నోరు తెరవలేదు.

ఇంత చేశాక కూడా పాప ఈ ఏడాది వేషం వద్దంటే బలవంతం చెయ్యకండి. కింద కూర్చుని నాటకం చూడనివ్వండి. వచ్చే ఏడాదికి మనసు మారొచ్చు, మారకపోవచ్చు, అది దాని ఇష్టం. నల్లరంగు సంగతి మాత్రం పాప వేసినా వెయ్యకపోయినా ఈ యానివర్సరీకే అడగండి, మేకప్ మనిషిని మాట్లాడేలోపు.